బ్లాక్ బెల్టు ఎన్ని నెలలకు వస్తుందని అడిగేవారికి

ఈ సాయంత్రం హనుమకొండలో మా క్లాసు మొదలవుతుండగా ఒక తండ్రి కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చి, సెల్‌ఫోన్‌లో ఒక ప్రకటన చూపించి, "ఆ సార్ ఏడాదిన్నరల బ్లాక్ బెల్టు ఇస్తమంటున్నడు, మీరెన్ని నెలలల్ల ఇస్తరు సార్?" అని అడిగారు. కూరగాయల అంగడిలో కూడా బేరం ఇంతకన్నా మర్యాదగా మొదలవుతుంది. పిల్లవాడు అప్పటికే బ్రౌన్ బెల్టు అని, ఇక మిగిలింది ఒక్కటేనని కూడా ఆయన చెప్పారు. సరే, పిడికిలి బిగించి చూపించు నాయనా అన్నాను. వాడు బొటనవేలిని నాలుగు వేళ్ల లోపల దాచి బిగించాడు. ఆ పిడికిలితో గట్టిగా కొడితే ముందుగా దెబ్బతినేది ఎదుటివాడి ముఖం కాదు, కొట్టినవాడి బొటనవేలే. మొదటి వారంలోనే సరిదిద్దవలసిన ఈ ఒక్క సంగతి చెప్పకుండానే నడుముకు బ్రౌన్ బెల్టు చుట్టి పంపిన ఆ మహానుభావుడికి ఇక్కడినుంచే శతకోటి దండాలు. ప్రతి బెల్టుకూ శాలువాతో, షీల్డుతో దిగిన ఫోటో మాత్రం తండ్రిగారి ఫోన్‌లో భద్రంగా ఉంది.

ఈ బెల్టుల పద్ధతి కరాటేతో పాటు పుట్టినదేమీ కాదు. జూడో వ్యవస్థాపకుడు కానో జిగోరో పాటించిన పద్ధతిని తీసుకొని, ఆధునిక కరాటే పితామహుడనే గిచిన్ ఫునాకోషి 1924లో తన శిష్యులకు మొదటిసారి బ్లాక్ బెల్టులు ఇచ్చారు. అంతకు పూర్వం, కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో నడుముకు ఏ రంగూ లేకుండానే తరాలు సాధన చేశాయి. తన గురువు ఇతోసు వద్ద నైహాంచి అనే మూడు కటాలకే (కటా అంటే ఎదుటివాడు లేకుండా ఒక వరుసలో చేసే దెబ్బల, అడ్డుల సాధన) పదేళ్లు పట్టిందని ఫునాకోషి స్వయంగా రాసుకున్నారు. ఆ పదేళ్లలో మన దగ్గరైతే ఒక మాస్టర్ తయారై, ఆయన శిష్యుడూ మాస్టరై, ఇద్దరూ విడిపోయి చెరొక అసోసియేషన్ పెట్టుకొని, ఒకరి సర్టిఫికెట్ చెల్లదని మరొకరు పత్రికలవాళ్లను పిలిచి చెప్పడం కూడా పూర్తవుతుంది. 1868లో పుట్టి, బడిపంతులుగా బతికిన ఫునాకోషి 1922లో ప్రదర్శన కోసం టోక్యో వెళ్లి, యాభై దాటిన వయసులో అక్కడే ఉండిపోయారు. విద్యార్థుల వసతిగృహంలో ఆవరణ ఊడ్చి పొట్టపోసుకుంటూ కరాటే నేర్పారు. ఆయనే నేడు వరంగల్‌లో క్లాసు తెరిస్తే, ఏసీ హాలు ఉందా, అడ్మిషన్‌తో డ్రెస్సు ఉచితమేనా అని అడిగి, లేదనగానే పక్క వీధికి వెళ్లిపోయేవారు.

నెల ఫీజు అడిగితే పరీక్షలని, పండుగలని, పెళ్లిళ్లని వాయిదా వేసే ఇళ్లలోనే బెల్టు టెస్టు ఫీజు మాత్రం అడిగిన రోజే చేతికి వస్తుంది. అందుకే ఈ వృత్తిలో బతకాలనుకున్నవాడు పాఠం తగ్గించి టెస్టులు పెంచుకున్నాడు. జనవరి చలిలో, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో తెల్లవారుజామున ఒక పిల్లను, ముందు మోకాలు వంచి వెనుక కాలు చాచి నిలిచే ‘జెన్‌కుత్సు దాచి’ భంగిమలో నిలబెట్టి, వెనుక మడమ లేస్తున్నదా, ముందు మోకాలు లోపలికి వాలుతున్నదా అని ఏళ్ల తరబడి అదే మడమను, అదే మోకాలిని సరిచేసేవాడికి రసీదు పుస్తకం ఉండదు. ప్రభుత్వానికీ ఇదే తొందర. సర్కారు బడుల్లో ఆడపిల్లల ఆత్మరక్షణ శిక్షణ మూడు నెలల ముచ్చట. నాలుగో నెలనుంచి ఆ పిల్ల తనను తాను ఎలా కాపాడుకుంటుందో, సాధన లేని చెయ్యి ఎన్నాళ్లు గుర్తుపెట్టుకుంటుందో ఫైలు రాసినవారికే తెలియాలి.

నిజం చెప్పాలంటే నా కడుపుమంట ఈ తండ్రి మీద కాదు, ప్రైవేటు బడుల వార్షికోత్సవాల మీద. సంవత్సరమంతా కరాటేకు ఒక్క పీరియడు ఇవ్వని బడి, వార్షికోత్సవానికి పదిహేను రోజుల ముందు ఫోన్ చేసి, పిల్లలతో పెంకులు పగులగొట్టించాలని, చేతివేళ్ల మీదుగా బైకు పోనివ్వాలని ఆర్డరు వేస్తుంది. బాగా ఎండిన పలుచని పెంకులు ఏరి, రెండు కొసలకు ఇటుకలు పెట్టి, నడుమ ఖాళీ వదిలితే వాచ్‌మన్ కొట్టినా పగులుతాయని వేదిక మీది పెద్దలకు ఎవరు చెప్పాలి? అవి వద్దు, పిల్లలతో కటా చేయిస్తానని కొన్నేళ్ల క్రితం ఒక ప్రిన్సిపాల్‌తో అంటే, "కటా అంటే డ్యాన్సు లెక్కనే ఉంటది సార్, జనం చప్పట్లు కొట్టరు" అన్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒకినావాకు చెందిన రియో కియూనా పెంకూ లేకుండా, బైకూ లేకుండా, ఆ "డ్యాన్సు"తోనే బంగారు పతకం గెలిచాడు. ఈ మాట చెప్పి చూశాను. పారిస్ ఒలింపిక్స్‌లో కరాటేను తీసేశారు కదా సార్ అని ఎదురు జవాబు వచ్చింది. లోకజ్ఞానానికి లోటు లేదు.

ఆ ఏడాది వేరే మాస్టర్ వచ్చి పెంకులు పగులగొట్టించారు. ఏడో తరగతి పిల్లవాడి చేతికి పెంకు గీసుకొని నెత్తురు కారుతుంటే, ముఖ్య అతిథి అదే చేతిని పట్టుకొని ఊపి, వీరుడని మెచ్చుకొని ఫోటో దిగారు. అదే బడి నుంచి నిన్న మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి యాభై పెంకులు కావాలట, ఖర్చు మాత్రం మాస్టరే పెట్టుకోవాలట.