కొనేదెవరో ముందు రాసివ్వండి

రంగారెడ్డి, మేడ్చల్ పొలాల్లో సోవిన్యాన్ బ్లాంక్, షిరాజ్ వంటి వైన్ ద్రాక్ష వేయించాలని ఉబలాటపడేవారు ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. పండిన కాయ కొనేదెవరు?

కొత్త రకం వస్తే రైతుకు ఆదాయం, ఊళ్లో పని దొరుకుతాయంటున్నారు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరుమోసిన హైదరాబాద్ శివార్లలో ఇప్పుడు వెంచర్ల హద్దురాళ్లే మిగిలాయి కాబట్టి ద్రాక్ష మళ్లీ వస్తే మాకూ సంతోషమే. కానీ నాసిక్‌ను మరిచిపోలేం. 2001లో మహారాష్ట్ర రాయితీలతో వైన్ విధానం తెచ్చింది, వైన్ తయారుచేసే వైనరీలు వరసగా వెలిశాయి. 2008 తర్వాత అమ్మకాలు పడిపోగానే కొనుగోళ్లు ఆగాయి. తోటలు పీకేసుకున్నది రైతులు.

గింజలేని థాంప్సన్ ద్రాక్ష ధర పడిపోతే ఎండబెట్టి కిస్మిస్ అయినా చేసుకోవచ్చు. వైన్ రకం కాయ చిన్నది, నిండా గింజలు. మార్కెట్ యార్డుకు తీసుకెళితే అడిగే నాథుడుండడు. వైనరీ వద్దంటే అది పెంటకుప్పకే. పైగా నాణ్యత పేరుతో ఎకరాకు నాలుగైదు టన్నులు దాటనివ్వరు. మామూలు ద్రాక్ష పది టన్నులిచ్చే నేలలో సగం దిగుబడికి ఒప్పుకోవాలంటే ధర రెట్టింపు ఉండాలి. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

కోత దగ్గర అసలు మెలిక ఉంది. కాయలో తీపి కొలత 22-24 బ్రిక్స్‌కు వచ్చాక మన ఎండలకు నాలుగు రోజులు ఆలస్యమైతే పులుపు పడిపోతుంది, రసం పీహెచ్ (పులుపు తగ్గితే పెరిగే కొలత) పెరుగుతుంది. కోత తేదీ చెప్పేది వైనరీ, లారీ పంపాల్సింది వైనరీ. ఆలస్యానికి ధర కోసేది మాత్రం రైతుకు!

మొక్క దగ్గరా అంతే. నర్సరీలో అంటుకట్టడానికి అడుగు మొక్కగా తేలిగ్గా దొరికేది డాగ్‌రిడ్జ్ వేరుమొక్క. ఉప్పునీటిని తట్టుకుంటుంది గనుక తినే ద్రాక్షకు మేలే. వైన్ రకాన్ని దానిమీద అంటుకడితే తీగ విచ్చలవిడిగా పెరిగి, పొటాషియం అధికంగా లాగి, పీహెచ్‌ను ఇంకా పెంచుతుంది. 110ఆర్ అనే వేరుమొక్క మీద కట్టాలి. తెచ్చిన కొమ్మలో ఆకులు ముడుచుకునేలా చేసే లీఫ్‌రోల్ వైరస్ ఉంటే మందే లేదు, మొక్క పీకాల్సిందే. అక్టోబరు కత్తిరింపుల తర్వాత వాన పడితే బూజు తెగులు లేతగుత్తులను మాడ్చేస్తుంది. ఇవన్నీ భరించి పండించినా, కొనేదెవరు?

ఫిబ్రవరిలో వేరుమొక్క నాటి, ఆగస్టులో అంటుకడితే చెప్పుకోదగ్గ పంటకు రెండేళ్లు పడుతుంది. ఈలోగా వైనరీ మనసు మార్చుకుంటే? రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రంలో ముందు మూడు పంటలు తీసి చూపండి. ఆపైన కనీస ధర, బ్రిక్స్ వచ్చిన ఎన్నో రోజున కోస్తారో, కోయకపోతే రైతుకు ఎంత చెల్లిస్తారో బ్యాంకు గ్యారంటీతో రాసివ్వండి. అది రాయడానికి చెయ్యి రానివారు అంటుమొక్కలు పట్టుకుని ఊళ్లలోకి రావద్దు.