వకాలత్ వేయొద్దనడానికి మీరెవరు?

ఎక్కడో ఒక దాడి జరుగుతుంది. సీసీ కెమెరాలో పడిన అర నిమిషం వీడియో సాయంత్రానికల్లా అందరి ఫోన్లలోకీ చేరుతుంది. రక్తం కారుతున్న మనిషి, కర్ర పట్టుకున్న మనిషి. మర్నాడు నిందితుణ్ని కోర్టుకు తెచ్చేసరికి అక్కడి న్యాయవాదుల సంఘం తీర్మానం సిద్ధంగా ఉంటుంది. ఇతని తరఫున మా సభ్యులెవరూ వకాలత్ వేయరు అని. కోర్టు గేటు ముందు ఫొటో దిగుతారు. జనం చప్పట్లు కొడతారు. పత్రికలు, చానళ్ళు ఆ ఫొటో వేసి ఊరుకుంటాయి. ఇందులో మా తప్పూ ఉంది. ఆ తీర్మానం చట్టవిరుద్ధం అని ఆ ఫొటో కిందే రాయాల్సింది. ఆలస్యంగానైనా ఇప్పుడు రాస్తున్నాం.

ఇది మా సొంత అభిప్రాయం కాదు. కోయంబత్తూరులో లాయర్లకూ పోలీసులకూ గొడవ జరిగింది. కేసులో నిందితులైన పోలీసుల తరఫున ఎవరూ వాదించరాదని అక్కడి బార్ అసోసియేషన్ తీర్మానించింది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళితే 2010 డిసెంబరు 6న జస్టిస్ మార్కండేయ కట్జూ, జస్టిస్ జ్ఞాన్ సుధా మిశ్రా ధర్మాసనం తేల్చి చెప్పింది. ఇలాంటి తీర్మానాలు రాజ్యాంగానికి, చట్టానికి, వృత్తి ధర్మానికి విరుద్ధం, ఇవి చెల్లవు, న్యాయవాద వృత్తికే ఇది సిగ్గుచేటు అంది. గమనించండి, ఆ కేసులో లాయర్లే ఒక పక్షం. తమతో తలపడిన వాడికి లాయరు దొరకకుండా చేయాలని చూశారు. తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

సంఘాలు చెప్పే మాట ఒకటుంది. బాధితుల ఇంట్లో ఏడుపులు వినపడుతుంటే నిందితుడి పక్కన నిలబడడానికి మనసు రాదని, ఏ కేసు తీసుకోవాలో లాయరు ఇష్టమని. ఒక లాయరుకు మనసు రాకపోతే ఆయన తప్పుకోవచ్చు. ప్రత్యేక కారణం ఉంటే కాదనే వీలు, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. కానీ వచ్చిన కేసు తీసుకోవాలన్నదే ఆ నియమాల్లో మొదటి మాట. పైగా ఒకరు తప్పుకోవడం వేరు, అందరూ తప్పుకోవాలని సంఘం హుకుం జారీ చేయడం వేరు.

కొట్లాట కేసుల్లో ఈ హుకుం ఎంత చేటు చేస్తుందో కోర్టుల చుట్టూ తిరిగిన వాళ్ళకు తెలుసు. గాయం ఒకటే అయినా సెక్షన్ మారితే జీవితం మారిపోతుంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు గాయానికి 115వ సెక్షన్, ఏడాది జైలు లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఒక పన్ను విరిగినా, ఎముక చిట్లినా, బాధితుడు 15 రోజులు మామూలు పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం. 117వ సెక్షన్, ఏడేళ్ళ దాకా జైలు. చేతిలో కత్తో గొడ్డలో ఉంటే 118. పోలీసులు ‘త్రీ నాట్ సెవెన్’ పెట్టారంటే, అంటే పాత ఐపీసీ 307, ఇప్పటి 109, హత్యాయత్నం కింద యావజ్జీవం దాకా వెళ్ళవచ్చు. పన్ను దెబ్బకు విరిగిందా, అంతకుముందే కదిలి ఉందా? వూండ్ సర్టిఫికెట్, అంటే గాయాలపై డాక్టరు ఇచ్చే పత్రం, ఎప్పుడు రాశారు, ఎక్స్‌రే ఎప్పుడు తీశారు? ఈ ప్రశ్నలు డాక్టరును బోనులో నిలబెట్టి అడగాలి. ఎనిమిదో తరగతి చదివిన కూలీ ముద్దాయి అడగగలడా?

మన పల్లెల్లో కేసు, కౌంటర్ కేసు ఎలా నడుస్తాయో పాఠకులకు చెప్పక్కర్లేదు. గట్టు దగ్గర రెండు కుటుంబాలు కొట్టుకుంటాయి. రెండు వైపులా తలలు పగులుతాయి. స్టేషన్‌కు ముందు చేరినవాడు ఫిర్యాదుదారు, ఆస్పత్రికి ముందు వెళ్ళినవాడు ముద్దాయి. ముద్దాయి ఒంటి మీద గాయాలెలా వచ్చాయో ప్రాసిక్యూషన్ చెప్పకపోతే దాని కథనాన్ని అనుమానించాల్సి వస్తుందని సుప్రీంకోర్టు 1976లోనే లక్ష్మీసింగ్ కేసులో చెప్పింది. కానీ ఆ తీర్పును జడ్జి ముందు పెట్టడానికి ఒక మనిషి ఉండాలి కదా.

అన్నిటికంటే మమ్మల్ని భయపెడుతున్నది మరొకటి. తనను తాను కాపాడుకునే హక్కును చట్టం ఇచ్చింది. న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లన్నీ దాని గురించే. యాసిడ్ పోయడానికి వస్తున్నవాణ్ని అడ్డుకునే క్రమంలో వాడి ప్రాణం పోయినా ఆ మహిళది నేరం కాదని 38వ సెక్షన్ చెబుతోంది. అయితే ఎఫ్‌ఐఆర్‌లో ఆమె పేరు నిందితురాలిగానే ఎక్కుతుంది. వీడియోలో ఆమె రాయెత్తిన దృశ్యమే ఉంటుంది, అతని చేతిలోని సీసా కనపడకపోవచ్చు. ఆత్మరక్షణ అని చూపించుకోవాల్సిన బాధ్యత కూడా సాక్ష్య చట్టం ప్రకారం ఆమెదే. ఆ రోజు ఊరంతా అవతలి కుటుంబం వైపు ఉండి, బార్ అసోసియేషన్ సమావేశమై చేతులెత్తేస్తే ఆమె ఎవరి దగ్గరికి వెళ్ళాలి? తీర్మానం చేసేనాడు సభ్యుల ముందు ఉండేది వీడియో ఒక్కటే. ఛార్జిషీటు లేదు, సాక్షి లేడు. అంటే విచారణ మొదలవకముందే తీర్పు చెప్పేస్తున్నారు. అదీ విచారణ ఎలా జరగాలో చదువుకున్నవాళ్ళు!

ఈ దారి ఎక్కడికి పోతుందో తెలంగాణ ఒకసారి చూసింది. 2019లో దిశ ఘటన తర్వాత నిందితుల తరఫున వాదించబోమని షాద్‌నగర్ న్యాయవాదులు ప్రకటించారు. ఆ ఘోరానికి కోపం రాని మనిషి లేడు. మాకూ వచ్చింది. డిసెంబరు 6న, కోయంబత్తూరు తీర్పుకు సరిగ్గా తొమ్మిదేళ్ళు నిండిన రోజున, చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేదు. చంపాలనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. వయసెంత అన్న ప్రశ్నను లాయరు ఉంటే రిమాండ్ రోజే అడిగి ఉండేవాడు. తర్వాత ఆ పోలీసులు హైకోర్టుకు వెళ్ళారు. వారి తరఫున న్యాయవాదులు వాదించారు. వాదించాలి కూడా, అది వారి హక్కు. ఒకరికి హక్కయినది ఇంకొకరికి ఎందుకు కాదన్నదే మా ప్రశ్న. ఒక వైపు వకాలత్ వృత్తి ధర్మం, మరో వైపు వకాలత్ పాపం అంటే దాన్ని ద్వంద్వనీతి అనక ఏమనాలి?

ఇక 2020లో హుబ్బళ్ళి. కశ్మీరీ విద్యార్థుల కేసులో ఎవరూ హాజరు కావద్దని స్థానిక సంఘం తీర్మానిస్తే కర్ణాటక హైకోర్టు తప్పుబట్టింది. బెంగళూరు నుంచి వెళ్ళిన లాయర్లకు పోలీసు రక్షణ ఇవ్వాల్సి వచ్చింది. కోర్టుకు వచ్చే లాయరుకు సాటి లాయర్ల నుంచే రక్షణ కావాల్సి రావడం!

బాధితుల కోసమే ఈ తీర్మానాలు అనేవారికి ఒక కేసు గుర్తు చేయాలి. 1997 డిసెంబరులో ఢిల్లీలో బస్సులో బాంబు పేలి నలుగురు చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. నిందితుడికి కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. తీరా సుప్రీంకోర్టు రికార్డు తిరగేస్తే, 65 మంది సాక్షుల్లో 56 మంది వాంగ్మూలాలు నిందితుడి పక్కన లాయరు లేకుండానే నమోదయ్యాయి. 2012లో శిక్ష రద్దయింది, విచారణ మళ్ళీ మొదటికొచ్చింది. పేలుడు జరిగిన పదిహేనేళ్ళకు గాయపడినవాళ్ళు మళ్ళీ బోనెక్కి ఆ రోజు ఏం జరిగిందో చెప్పాల్సిన పరిస్థితి. లాయరు లేని విచారణ వల్ల నష్టపోయింది నిందితుడొక్కడేనా?

రాజ్యాంగం 22వ అధికరణంలో తనకు నచ్చిన లాయరుతో వాదించుకునే హక్కు ఉంది. 39ఏ అధికరణం పేదవాడికి ఉచిత న్యాయ సహాయం అందాలంటోంది. ఖర్చు ప్రభుత్వానిదే. అయితే సంఘం కన్నెర్ర చేశాక న్యాయ సేవాధికార సంస్థ నియమించిన లాయరు కూడా అదే బార్ రూములో కూర్చోవాలి, అదే సీనియర్ల ముఖం చూడాలి. కాగితం మీద హక్కు ఉంటుంది, బల్ల దగ్గర మనిషి ఉండడు.

న్యాయవాదులకు ఇంతకంటే మంచి వారసత్వం ఉంది. 1911లో తిరునెల్వేలి కలెక్టర్ ఆష్‌ను కాల్చి చంపిన కేసులో ఒక నిందితుని తరఫున వాదించినవారు మన టంగుటూరి ప్రకాశం. తెల్ల కలెక్టరు హత్య కేసు, తెల్లవాళ్ళ రాజ్యం. 1945లో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల పక్షాన భూలాభాయ్ దేశాయ్ నిలబడ్డారు. ఆ రోజు ప్రభుత్వం దృష్టిలో వాళ్ళు రాజద్రోహులు. ఆనాటి లాయర్లు కూడా తీర్మానం చేసి చేతులు దులుపుకొని ఉంటే?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిళ్ళు ఇంకా మెత్తగా ఉంటే కుదరదు. ఇలాంటి తీర్మానం కనబడిన రోజే ఆ సంఘం బాధ్యులకు నోటీసు ఇవ్వాలి. జిల్లా జడ్జీలు అదే రోజు నిందితుడికి లాయరును నియమించి, ఆ లాయరును అడ్డుకుంటే కోర్టు ధిక్కారం కింద చూడాలి. తీర్మానాలు చేసిన సంఘాలు వాటిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. రేపు కోర్టు ఆవరణలో గొడవ జరిగి మీ సభ్యుడి మీదే 117 పెడితే, ఆ రాత్రి మీరు మొదట ఫోన్ చేసేది ఒక లాయరుకే. ఇష్టం లేని కేసు వదిలేసి ఇంటికి వెళ్ళండి, ఎవరూ ఆపరు. పక్కవాడి చేతిలోని వకాలత్‌ను చించే అధికారం మీకు ఎవరూ ఇవ్వలేదు.