పింఛనే కాదు, పాట కూడా

1996 మార్చిలో క్యూబా రాజధాని హవానాలో ఒక రికార్డింగు పని ఆదిలోనే చిక్కులో పడింది. పశ్చిమాఫ్రికాలోని మాలీ నుంచి రావాల్సిన సంగీతకారులు రాలేకపోయారు. లండన్ రికార్డు సంస్థ వరల్డ్ సర్క్యూట్ తరఫున నిక్ గోల్డ్, అమెరికా గిటారిస్టు రై కూడర్ అప్పటికే హవానాలో దిగి ఉన్నారు. ప్రభుత్వానికి చెందిన ఎగ్రెమ్ స్టూడియో వాళ్ల చేతిలో ఉంది. పాత తరం కళాకారులతో జట్టు కడుతున్న క్యూబా సంగీతకారుడు హువాన్ దె మార్కోస్ గోన్సాలెస్ పక్కనే ఉన్నారు. నిదానంగా, మెత్తగా సాగే బొలెరో పాటలకు తగిన గొంతు కావాలన్న మాట వచ్చింది. దె మార్కోస్ లేచి హవానా వీధుల్లోకి వెళ్లి ఇబ్రహీం ఫెరేర్‌ను వెంటబెట్టుకొచ్చారు.

అప్పటికి ఫెరేర్ వయసు 69. పాడటం మానేసి అయిదేళ్లు. బూట్లు పాలిష్ చేసి, లాటరీ టికెట్లు అమ్మి పొట్ట పోసుకుంటున్నారు. పాటమీద ఆసక్తి పోయింది, నన్ను వదిలేయమన్నారు. కనీసం ఒంటికంటిన పాలిష్ కడుక్కుని వస్తానన్నారు. దె మార్కోస్ వినలేదు. అలా మొదలైన ఆ రికార్డింగుకు ఇప్పుడు ముప్పై ఏళ్లు. ఆరు రోజుల్లో పూర్తయిన ఆ ఆల్బమ్ పేరు బ్యూనా విస్టా సోషల్ క్లబ్. ప్రపంచమంతటా 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. 1998లో గ్రామీ వచ్చింది. అదే ఏడాది జులై 1న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఆ వృద్ధులు కచేరీ చేశారు.

ఈ కథను అదృష్టం తలుపు తట్టిన కథగా చెప్పుకోవడం లోకానికి అలవాటైపోయింది. మేము అలా చూడటం లేదు. ఫెరేర్ గొంతు ఎక్కడికీ పోలేదు. శాంటియాగో దె క్యూబా ప్రాంతంలో 1927లో పుట్టి, పన్నెండేళ్లకే తల్లిని పోగొట్టుకుని, వీధుల్లో మిఠాయిలు అమ్ముతూ పాట పట్టుకున్న మనిషి ఆయన. పాచో అలోన్సో బృందంలో, ఆ తర్వాత లోస్ బొకూకోస్‌లో దశాబ్దాల పాటు పాడారు. 1959 విప్లవం తర్వాత పాత క్లబ్బులు మూతపడ్డాయి, వినేవాళ్ల అభిరుచి మారింది, కొత్త తరం వేరే పాటలు ఎత్తుకుంది. 1991లో సోవియట్ సాయం ఆగిపోయి దేశమే కటకటలాడిపోయిన వేళ ఆయన విరమించుకున్నారు. పాడగలిగిన మనిషి అదే నగరంలో, అవే వీధుల్లో, స్టూడియోకు అందేంత దూరంలోనే ఉన్నారు. పిలిచేవాళ్లే లేరు. దె మార్కోస్ తండ్రి కూడా ఆర్సేనియో రోడ్రిగెస్ బృందంలో గాయకుడు. పాత తరంలో ఎవరు ఎక్కడున్నారో, ఎవరి గొంతు ఏ పాటకు నప్పుతుందో ఆయనకు తెలుసు. పత్రికల్లో, సినిమాల్లో ఈ ఘనత ఎక్కువగా రై కూడర్ ఖాతాలో పడింది. వెతికి తెచ్చిన వాడి పేరు ముందు చెప్పడం న్యాయమని మా అభిప్రాయం.

పియానో వాద్యకారుడు రూబెన్ గోన్సాలెస్‌దీ అలాంటి స్థితే. 1919లో పుట్టిన ఆయన కీళ్లనొప్పులతో బాధపడుతున్నారు, ఇంట్లో పియానో కూడా లేదు. రికార్డింగు జరిగిన రోజుల్లో స్టూడియో తలుపులు తెరవకముందే వచ్చి నిలబడేవారు. తెరవగానే పియానో దగ్గరికి వెళ్లిపోయేవారు. ఆయన వాయించేది విని, ముందుగా అనుకోకపోయినా, ఆయన పేరుతో మరో ఆల్బమ్ అక్కడికక్కడే రెండు రోజుల్లో రికార్డు చేశారు. 1907లో పుట్టిన కొంపాయ్ సెగుందో తొంభైకి చేరువలో గిటారు పట్టి పాడారు. ఈ ముగ్గురూ ఆ తర్వాత పదేళ్లలోపే కన్నుమూశారు. ఇంకొన్నేళ్లు ఎవరూ పిలవకపోయి ఉంటే ఆ సంగీతం వాళ్లతోనే మట్టిలో కలిసిపోయేది.

తిరిగొచ్చిన పాట పాత పాటకు నకలు కాదన్న సంగతి దగ్గర కాసేపు ఆగాలి. వయసులో ఉన్నప్పుడు ఫెరేర్ హుషారైన పాటలు పాడేవారు, కోరస్‌లో నిలబడేవారు. బొలెరోలు పాడాలని ఆయనకు ఎంతో కోరిక. నీ గొంతు దానికి పనికిరాదన్నారు. డెబ్బయ్యో పడిలో ఆయన పేరు నిలబెట్టినవి ఆ బొలెరోలే. 1999లో తొలిసారి ఆయన సొంత ఆల్బమ్ వచ్చింది. 2000లో లాటిన్ గ్రామీ వాళ్లు ఆయనను ఉత్తమ నూతన కళాకారుడిగా ఎంపిక చేశారు. అప్పటికి ఆయన వయసు 73. 2004లో మరో గ్రామీ వస్తే అందుకోవడానికి అమెరికా వీసా ఇవ్వలేదు. 2005 ఆగస్టు 6న హవానాలో కన్నుమూసే నాటికి పూర్తిగా బొలెరోలతో ఒక ఆల్బమ్ పని మీద ఉన్నారు. అది ఆయన పోయాకే బయటికి వచ్చింది. ముదిమిలో గాత్రం సన్నబడుతుంది, ఊపిరి తగ్గుతుంది. దానికి బదులుగా, తొందర లేని తీరు ఒకటి ఒంటబడుతుంది. ఎక్కడ ఆపాలో, ఏ మాట మీద నిలవాలో తెలుస్తుంది. నలభయ్యో ఏట ఫెరేర్ ఆ ఆల్బమ్‌లు చేసి ఉండేవారు కారని మేము గట్టిగా నమ్ముతున్నాం.

మన దగ్గరా పిలుపులు ఉన్నాయి. 1950ల్లో తెలుగునేలను మురిపించిన జిక్కి గొంతును ఇళయరాజా 1991లో ‘ఆదిత్య 369’లో రాయలవారి కొలువు పాట కోసం పిలిచారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పక్కన ఆమె ఎంత చిలిపిగా పాడారో విన్న తరానికి గుర్తే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్య 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో ఇంటింటికీ తెలిశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మే నెలలో అదే మొగులయ్య హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో కూలి పని చేస్తూ కనిపించారు. 2023లో ‘బలగం’ చివరి పాటతో రెండు రాష్ట్రాలనూ ఏడిపించిన మరో కళాకారుడు, బుడగ జంగాల మొగిలయ్య, మూత్రపిండాల జబ్బుతో పోరాడి 2024 డిసెంబరులో చనిపోయారు.

హవానాకూ మనకూ తేడా ఇక్కడే ఉంది. అక్కడ ఒక పాట పాడించి పంపేయలేదు. ఆల్బమ్ మీద పేరు వేశారు. వెనక వాద్య బృందాన్ని నిలబెట్టారు. దేశదేశాల కచేరీలకు తీసుకెళ్లారు. అమ్ముడైన ప్రతుల మీద రాబడి వచ్చింది. ఏళ్ల తరబడి చేయడానికి పని ఉంది. మన సినిమా పెద్దలు జానపదుడి గొంతును ఒక సన్నివేశానికి వాడుకుని, వేదిక మీద శాలువా కప్పి, ఫొటో దిగి, సెలవిస్తున్నారు. శాలువా కప్పే చేయి రెండో రికార్డింగుకు ఎందుకు పిలవదు? పాట కోట్లసార్లు మోగినప్పుడు ఆ పాడిన మనిషికి ఎంత వచ్చింది? ఇవి అడగక తప్పని ప్రశ్నలు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం పాడినవారికీ రాయల్టీ హక్కు ఇచ్చింది. ఆ హక్కును వసూలు చేసిపెట్టడానికి గాయకుల సంఘం కూడా ఏర్పడింది. సినీ నేపథ్య గాయకులకు ఆ దారి తెలుసు. లింగాల మండలం నుంచి వచ్చిన కిన్నెర కళాకారుడి ముందు ఒప్పంద పత్రం పెట్టినప్పుడు అందులో ఏముందో చదివి చెప్పేవాళ్లు ఎవరు? ఆ పని భాషా సాంస్కృతిక శాఖలు తమ మీద వేసుకోవాలి. జానపద కళాకారులతో సినిమా సంస్థలు చేసుకునే ఒప్పందాల్లో రాయల్టీ షరతు తప్పనిసరి చేసేలా నిర్మాతల మండలి ముందుకు రావాలి.

రెండు తెలుగు రాష్ట్రాలూ వృద్ధ కళాకారులకు పింఛను ఇస్తున్నాయి. అది ఆగకూడదు, నెలనెలా అందాలి, పెరగాలి. మందులకు, తిండికి అదే ఆధారం. పింఛను ఇచ్చేశాం కాబట్టి బాధ్యత తీరిందనుకోవడాన్నే మేము తప్పుపడుతున్నాం. హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ, తోలుబొమ్మలాట, పద్యనాటకం, శారదకథ చెప్పేవాళ్లలో ఎవరిని కదిపినా మొదట అడిగేది కార్యక్రమం ఇప్పించమనే. వాళ్లకు తెలిసిన కథల్లో, వరసల్లో చాలా భాగం ఇంతవరకు ఏ రికార్డులోనూ లేదు. ఆకాశవాణి హైదరాబాద్, విజయవాడ కేంద్రాలు ఒకప్పుడు ఊళ్ల నుంచి ఇలాంటి గొంతులను పిలిపించి రికార్డు చేశాయి. ఈనాటికీ ఆ స్టూడియోలు ఉన్నాయి, రికార్డింగు ఖర్చు ఆనాటి కంటే చాలా తగ్గింది. పాతవి దాచుకోవడంతో సరిపెట్టకుండా కొత్తవి చేయించాలి. పారితోషికం చెల్లించి, కళాకారుడి పేరు మీదే హక్కులు ఉంచి, గంటసేపైనా పూర్తి కథ పాడించి విడుదల చేయాలి. అమెరికాలోని తెలుగు సంఘాలు సభలకు సినీ తారలను రప్పించుకోవడానికి పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే ఏటా ఎన్నో ఆల్బమ్‌లు తయారవుతాయి.

ఎవరిని పిలవాలో తెలియదనే సాకు ఇక్కడ చెల్లదు. హవానాలో దె మార్కోస్ తన జ్ఞాపకాన్ని నమ్ముకుని వీధులు తిరగాల్సి వచ్చింది. మన కార్యాలయాల్లో పింఛను జాబితా ఉంది. కళాకారుడి పేరు, ఊరు, వయసు, కళారూపం అందులో రాసే ఉన్నాయి. జిల్లా కలెక్టర్లు ఆ జాబితాను ఖజానాకు పంపినట్టే ఆకాశవాణి కేంద్రాలకు, సంగీత నాటక అకాడమీలకు, సినీ సంగీత దర్శకులకు కూడా పంపాలి. ఎనభై దాటిన వాళ్ల పేర్లు పైన ఉంచి, రికార్డింగు ఈ ఏడాదే మొదలుపెట్టాలి.