మోకాలి సంగతి అడక్కండి

మొన్న మన న్యూజెర్సీ తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో మైకు మొరాయించింది, పంచాంగ శ్రవణం గంట ఆలస్యమైంది. అవన్నీ మనకు మామూలే. నన్ను గుచ్చింది భోజనాల లైన్లో జరిగిన ముచ్చట.

మార్చి మ్యాడ్‌నెస్ రోజులు, అంటే అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ జోరు మీదున్న రోజులు. నా ముందు స్నేహితుడి కొడుకు నిలబడ్డాడు. పక్క రాష్ట్రంలో చదువుతూ, అక్కడి బాస్కెట్‌బాల్ టీమ్‌కి స్టూడెంట్ ట్రైనర్‌గా చేస్తున్నాడు. ఆటగాళ్ల చీలమండలకు టేపు చుట్టడం, ఐసు పెట్టడం వాడి పని. పులిహోర వడ్డించుకుంటుంటే, "ఏరా బాబూ, మీ సెంటర్ ప్లేయర్ మోకాలు ఎలా ఉంది? రేపు ఆడతాడా?" అని అడిగాను. అవును, అడిగింది నేనే. వెనకాల ఇద్దరు యాప్‌లో పందెం కాయడానికి ఫోన్లు తీశారు. ఒకాయన "చెప్పు నాన్నా, మనలో మనమే కదా" అన్నాడు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "చెప్పకూడదంకుల్" అని గరిటె గిన్నెలో వదిలేసి, గారె కూడా తీసుకోకుండా వాళ్లమ్మ పక్కకు వెళ్లి కూర్చున్నాడు. "బెట్టు చేస్తున్నాడ్రా" అని ఎవరో అంటే ఆ మాటకి ఇంకాస్త నవ్వుకున్నాం.

రాత్రి వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. "అన్నా, ఇంకెప్పుడూ వాణ్ణి అలా అడగొద్దు. టీమ్ సంగతి బయటికి పొక్కిందంటే ముందు వాణ్ణే తీసేస్తారు." గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

అతని భయం ఉత్తది కాదు. 2023లో అలబామా యూనివర్సిటీ బేస్‌బాల్ కోచ్ బ్రాడ్ బొహానన్ చేరవేసింది కూడా ఇలాంటి కబురే: ఈరోజు మా పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఆడడు. అవతలి మనిషి సిన్సినాటి స్టేడియంలోని బెట్టింగ్ కౌంటర్ దగ్గర, అలబామా ఓడిపోతుందని పందెం కాయడానికి నిలబడి ఉన్నాడు. వారం తిరిగేలోపు కోచ్ ఉద్యోగం పోయింది.

నేను సుద్దపూసనని చెప్పను. మాది భీమవరం పక్క పల్లె. సంక్రాంతికి నాన్న భుజమ్మీద కూర్చుని బరి చూసినవాణ్ణి. అసలు పందెం ఒకటైతే, చుట్టూ గుంపులో పైపందేలు పది. ఇప్పుడు యాప్‌లో ప్రాప్ బెట్లంటున్నవీ ఆ పైపందేల్లాంటివే. టీమ్ గెలుపోటములతో పని లేదు, ఫలానా కుర్రాడు ఎన్ని రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతులు) పడతాడన్నదే లెక్క. కాకపోతే కోడికి ఫోన్ ఉండదు. ఈ పిల్లలకు ఉంటుంది. ఒక్క ఫ్రీ త్రో తప్పితే డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నేరుగా ఇన్‌స్టాలో బూతులు పంపుతున్నారు. ఒహాయో, మేరీలాండ్ 2024లో కాలేజీ ఆటగాళ్ల మీద ఈ పైపందేలు ఆపేశాయి. నన్నడిగితే ఏ రాష్ట్రంలోనూ ఉండకూడదు.

పందేలు చట్టబద్ధమైతే దొంగచాటు వ్యవహారం వెలుగులోకొస్తుంది, అనుమానం వస్తే కంపెనీలే పట్టిస్తాయి, పన్ను కూడా వస్తుంది అంటారు. కాదనను, బొహానన్ దొరికిందీ కౌంటర్ వాళ్లకు అనుమానం వచ్చాకే. 2018లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి దేశానికంతటికీ ఈ తలుపు తెరిపించింది మన న్యూజెర్సీయే. అదే న్యూజెర్సీ సొంత కాలేజీల ఆటల మీద మాత్రం పందేలు ఒప్పుకోలేదు. 2021లో ఓటర్లను అడిగితే వాళ్లూ వద్దన్నారు. మన రట్గర్స్ యూనివర్సిటీ పిల్లల్ని కాపాడుకున్నాం, బానే ఉంది. మరి పక్క రాష్ట్రం పిల్లలు ఎవరి పిల్లలు?

2023లో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ చేయించిన సర్వేలో 18-22 ఏళ్లవాళ్లలో 58 శాతం మంది ఏదో ఒక రకం స్పోర్ట్స్ బెట్టింగ్ చేశామన్నారు. ఇక్కడ పందేనికి చట్టం పెట్టిన వయసు 21. అందుకే కమిటీకి నా మనవి. స్కాలర్‌షిప్ ఫండ్ పేరుతో మన యూత్ వింగ్ నడిపే ఇరవై డాలర్ల బ్రాకెట్ పూల్ (టోర్నమెంట్‌లో ఎవరు గెలుస్తారో ఊహించే పందెం) వచ్చే ఏడు వద్దు. సావనీర్‌లో బెట్టింగ్ యాప్ ప్రకటన ఎంత డబ్బిచ్చినా వద్దు. కాలేజీ టీముల దగ్గర పనిచేసే మన పిల్లలు కనిపిస్తే చదువు సంగతి అడగండి, తిన్నారా అని అడగండి. మోకాళ్ల సంగతి వద్దు.

సమ్మర్ పిక్నిక్‌లో పేకాట టేబుల్ జోలికి మాత్రం రాకండి. అక్కడ పోయేవి నా డాలర్లే.