అటక మీద సగం బొంతలు దాచుకున్న ఇళ్లకు

కాస్త ఘాటుగానే రాస్తున్నా. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకోండి.

మా నెల్లూరులో ఏ పాత ఇంటి అటకైనా వెతకండి, గోనెసంచిలోనో ట్రంకుపెట్టెలోనో సగం కుట్టి ఆపేసిన బొంత ఒకటైనా దొరుకుతుంది. అమ్మ మొదలుపెట్టిందో, అమ్మమ్మ మొదలుపెట్టిందో. చూపు ఆనక ఆగిపోయి ఉంటుంది. లేదంటే మనవడు పుట్టేలోపు అయిపోతుందనుకుని, ఆ మనవడు ఇంజనీరింగ్‌లో చేరినా కాకుండా ఉండిపోయి ఉంటుంది. దాన్ని ముట్టుకోబోతే మాత్రం ఊరుకోరు. "అది అమ్మ చేతి కుట్టు" అంటారు. సరే, ఆ చేతి కుట్టును కిందికి దించి చివరిసారి ఎప్పుడు చూశారు అంటే నోరు మెదపరు. దాన్ని రోజూ చూసుకునేది ఎలుకలే.

నేననేది ఒకటే. ఆ బొంత పూర్తవ్వాలి, దాని మీద ఎవరో ఒకరు పడుకోవాలి. ఇంట్లో ఎవరూ పడుకోకపోతే బయటివాళ్లకు ఇచ్చెయ్యాలి.

దీని మీద మా ఇంట్లోనే గొడవైంది. మా అత్తమ్మ సగంలో వదిలేసిపోయిన బొంతలు మూడున్నాయి. ఆవిడ పోయి ఏళ్లయింది, ఆ మూటను అడిగిన నాథుడు లేడు. నేను కిందికి దించి, కుట్టి, వృద్ధాశ్రమానికి ఇస్తానన్నానో లేదో, హైదరాబాదు నుంచి మా ఆడపడుచు ఫోను. "వదినా, మా అమ్మ చీరలు ఎవరెవరికో ఇచ్చేస్తావా?" ఇస్తాను. "నీకు కావాలంటే చెప్పమ్మా, ఒకటి పక్కన పెడతా. కానీ నువ్వు దాని మీద పడుకోవాల. బీరువాలో పెట్టేటట్టయితే ఇవ్వను" అన్నా. ఆలోచించి చెప్తానంది. ఇంకా ఆలోచిస్తానే ఉండాది.

ఆ చీరలంటే నాకు లెక్కలేదనుకోవద్దు. ఒకదానికి పైపొరగా వేసింది ఆవిడ రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గరికి కట్టుకుపోయిన వెంకటగిరి నూలు చీర. నాకూ గుర్తే. మూట విప్పి చూస్తే దాని గతి ఏమైందో తెలుసా? కుడుతూ కుడుతూ గుచ్చినచోటే సూది వదిలేశారు. అది తుప్పు పట్టి, చుట్టూ రూపాయి బిళ్లంత ఇటుకరంగు మరక. మడత పెట్టిన గీత వెంబడి బట్ట పిగిలిపోయింది, రెండు వేళ్లతో లాగితే చాలు, చిరిగొస్తోంది. నూలు బట్టను వాడి ఉతుకుతుంటే మెత్తబడుతుంది. మడత కదపకుండా అటక మీది వేడికీ చెమ్మకీ వదిలేస్తే ఆ మడత దగ్గరే చివికిపోతుంది. భద్రంగా దాచామనుకుంటున్నవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించండి.

పిగిలిన మేరకు కత్తిరించి లోపల ఇంకో ముక్క అతికాను. జరీ అంచు మాత్రం మొత్తం తీసేశాను. జరీ ఒంటికి గీసుకుంటుంది, ఉతికేకొద్దీ పోగులు లేస్తాయి. ముసలివాళ్ల చర్మం పల్చన, ఊరికే గీరుకుపోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం లెక్క చెప్తా. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. ఒక మనిషికి చక్కగా సరిపోతుంది. ఒక్క చీరకే మూడు పొరలన్నమాట. రెండు చీరలైతే ఆరు. గచ్చు మీద పరిచి, నాలుగు మూలలా నీళ్ల చెంబులు బరువు పెట్టి, ముడతలు చేత్తో సాపు చేసి, ముందు మధ్యలో నుంచి అంచులకు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వెయ్యాలి. ఈ పని ఎగ్గొట్టి నేరుగా అసలు కుట్టు మొదలుపెడితే కింది పొర జరిగిపోతుంది, చివరికొచ్చేసరికి ఒక మూల మూటకట్టినట్టు లేస్తుంది. తర్వాత రెండు వేళ్ల ఎడంలో వరసలు. దారాన్ని కొవ్వొత్తికి రెండుసార్లు రాస్తే చిక్కు పడదు. మరీ బిగించి లాగొద్దు, బొంతంతా ముడుచుకుపోతుంది.

వేరేవాళ్లు సగంలో ఆపినదాన్ని పూర్తి చేసేటప్పుడు వాళ్ల వరసలోనే పోవాలి. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీ తెగ ఆడవాళ్లు కవంది అనే బొంతలు కుడతారు, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది. మా అత్తమ్మది ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నటి వరస. ఆమె వంకాయరంగు దారం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి నా తెల్లదారం మొదలైంది. నాది కాస్త వంకర. ఆవిడ ఉంటే విప్పించి మళ్లీ కుట్టించేది.

మిషన్ మీద లాగించేద్దామనుకోకండి. ఇంటి మిషన్‌లో ఇన్ని పొరలు దూర్చితే సూది విరగొచ్చు. మా వీధి టైలరు బొంత చూడగానే "అమ్మా, నన్నొదిలెయ్" అన్నాడు.

ఇక ఇవ్వడం దగ్గరికొస్తే, నా అసలు కోపం ఇక్కడుంది. ఆశ్రమానికి ముందుగా వెళ్లి ఏం కావాలని అడిగాను. ఎంత మందంగా ఉంటే అంత గొప్ప అనుకుంటాం కదా. అక్కడి ఆయా ఏమందంటే, "అమ్మా, బరువుది వద్దు. మంచంలోనే పోసుకునేవాళ్లు ఉండారు. దినామూ ఉతకాల. లావు బొంత నీళ్లు తాగితే నేను పిండలేను, వానల్లో రెండు దినాలైనా ఆరదు." దాంతో ఇంట్లో మిగిలిన చీరలతో కొత్తగా కుట్టినవన్నీ నాలుగు పొరలకే ఆపేశాను. అడక్కపోతే ఇది ఎట్లా తెలుస్తుంది?

మనం అడగం. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు వైపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చినప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు, పాత బట్టల మూటలు వ్యాన్లలో వచ్చాయి. ఒక మూట విప్పడానికి నేనూ కూర్చున్నా. హుక్కులు లేని జాకెట్లు, బొందు లేని పైజమాలు, చంకల్లో చిరిగిన చొక్కాలు, ఎవరిదో కాలేజీ ఫంక్షన్ లెహంగా. తడిసిన ఇంట్లో బురద ఎత్తిపోసుకుంటున్న మనిషికి లెహంగా! అన్నీ రోడ్డు పక్కన పడి వానకు నానాయి. ఢిల్లీలో 1999లో, పాత బట్టలు సేకరించి అవసరమైనవాళ్లకు అందించే గూంజ్ సంస్థ మొదలుపెట్టిన అంశు గుప్తా మొదటి నుంచీ చెబుతున్నది, తీసుకునేవాళ్ల మర్యాద చూసి ఇవ్వమనే. ఆయనకు 2015లో మెగసెసె అవార్డు వచ్చింది. మనవాళ్లు మాత్రం ఇంకా బీరువా ఖాళీ చేసుకోవడాన్నే దానం అంటున్నారు. దానికి తోడు ఫొటోలు. బొంత ఇచ్చి, ఆ ముసలావిడ చేత పట్టించి, నవ్వమని చెప్పి, వాట్సాప్ స్టేటస్! ఆమెను అడిగారా?

"నెల్లూరులో చలెక్కడుందక్కా, బొంతలెందుకు?" అని ఒకమ్మాయి అడిగింది. బొంత కప్పుకోవడానికేనని ఎవరు చెప్పారు? మన వైపు ఎక్కువగా కింద పరుచుకోవడానికే. రాత్రిపూట ఏ పెద్ద ఆసుపత్రి వరండాలోకైనా వెళ్లి చూడండి, రోగులకు తోడొచ్చినవాళ్లు గచ్చు మీద న్యూస్‌పేపరు వేసుకుని పడుకుని ఉంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, ఆ గచ్చు చల్లగా చెమ్మగా ఉంటుంది. దుప్పటి ఒక్కటి పరిస్తే చాలదు.

కుట్టే ఓపిక లేదా? బొంతలు కుట్టే ఆడవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడూ వీధుల్లోకి వస్తుంటారు. వాళ్లను కూర్చోబెట్టి కుట్టించండి, కూలి సరిగ్గా ఇవ్వండి. ఆన్‌లైన్‌లో బెంగాల్ కాంతా బొంత అని వేలు పోసి కొనేవాళ్లే, ఇంటి ముందు నాలుగు రోజులు నడుం వంచి కుట్టినామెతో యాభై రూపాయలకు గీచిగీచి బేరమాడటం నా కళ్లతో చూశాను. టీ కూడా ఇవ్వలేదు.

పోస్టు చూసి చీరలు పంపిస్తామనేవాళ్లకు ముందే చెప్తున్నా. నూలువే పంపండి, ఉతికి పంపండి. జార్జెట్‌లూ నైలాన్‌లూ చెమట పీల్చవు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి, బొంతకు పనికిరావు. వాటికి స్టీలు సామాన్లాయన గిన్నె ఇస్తాడు, బేరమాడి మూత కూడా తీసుకోండి.