పెట్టెలో పొద్దు

హన్మకొండలో ఎండకు ఇంతకాలం జరిగిన అన్యాయాన్ని మా మామ ఒక్కడే సరిదిద్దుతున్నాడు. ఊరికే వస్తుంది కాబట్టి ఎవరూ లెక్కచేయలేదు పాపం. ఇప్పుడది ప్లగ్గు, స్విచ్చు, ఏడాది వారంటీతో ఇంటికొచ్చింది.

మామ నాయబ్ సుబేదార్‌గా రిటైరయ్యాడు. సరిహద్దులో రాత్రి పహరా కాసిన కళ్లు మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. రెండింటికి లేచి గేటు తాళం చూసొస్తాడు, తెల్లారాక అందరినీ కసురుకుంటాడు. అమెరికాలో ఉన్న కొడుకు, అక్కడ సైనికులకు పొద్దున్నే వెలుగు చికిత్స ఇచ్చి చూస్తున్నారని చదివి ఒక డబ్బా పంపాడు. 10,000 లక్సుల దీపం. లక్సంటే వెలుగును కొలిచే లెక్క. రోజూ పొద్దున దాని ముందు అరగంట కూర్చోవాలి. మామ బూట్లు వేసుకుని మరీ కూర్చుంటాడు.

నవ్వకండి, శాస్త్రం గట్టిదే. కంటి వెనక తెరలో కొన్ని కణాలున్నాయి, పొద్దు పొడిచిందో లేదో మెదడులోని గడియారానికి కబురు చేరవేయడమే వాటి ముఖ్యమైన పని. 2002లో గానీ వాటి గుట్టు బయటపడలేదు. ఆ గడియారం ఎలా తిరుగుతుందో విప్పిచెప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చారు. పొద్దున కళ్లకు వెలుగు తగిలితే రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. వారాల తరబడి సబ్‌మెరైన్‌లో ఉండేవాళ్లకు సూర్యుణ్ని ఎవరు చూపిస్తారు? వాళ్లకు డబ్బా ఇవ్వాల్సిందే.

మామది సబ్‌మెరైన్ కాదు, తూర్పు ముఖం ఇల్లు. ఎండ నేరుగా హాల్లో పడి డబ్బా వెలుగు సరిగ్గా ఆనడం లేదని కర్టెన్లు వేయించాడు. కర్టెన్లతో ఉక్కపోస్తోందని ఏసీ వేయించాడు.

"ఎండ వాకిట్ల ఊకెనె పోతాంది. చాయ్ పట్టుకొని బయట కూసుంటే కాదా?" అంది అత్త.

"బయటిదానికి లెక్కుందా? గిది పదివేలు. డబ్బ మీద రాసుంది" అన్నాడు మామ.

బయట నిండుటెండ లక్ష లక్సుల దాకా ఉంటుందని నేను చెప్పలేదు. మిలిటరీ మనిషికి ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు.

ఇంతకీ ఆ డబ్బాకు కరెంటు ఎక్కణ్నుంచి వస్తుంది? కోట్ల ఏళ్ల కింద ఎండ తాగి పెరిగిన చెట్లు భూమిలో బొగ్గయ్యాయి. సింగరేణి దాన్ని తవ్వింది, రామగుండంలో కాల్చారు. అదే రామగుండంలో రిజర్వాయర్ నీళ్ల మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. అంటే మామ కర్టెన్ దగ్గర మొహం మీద తలుపేసిన ఎండే, రామగుండం చుట్టూ తిరిగి, తీగెలు పట్టుకుని, మీటరు దాటి, ప్లగ్గులోంచి లోపలికి వస్తోంది. బిల్లుతో సహా.

నిజం చెప్పాలి, మామకు నిద్ర కొంచెం కుదిరింది. డబ్బా మహిమో, దానికోసం రోజూ ఆరింటికే లేవడం మహిమో తేల్చే ధైర్యం నాకు లేదు.

మొన్న ఆదివారం అత్త తమ్ముడొచ్చాడు. భూపాలపల్లి బొగ్గు బాయిలో మూడో షిఫ్టు చేసి, నేరుగా బస్సెక్కాడు. ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, తువ్వాల మొహం మీద కప్పుకుని సోఫాలో వాలాడు. మామకు జాలేసింది. డబ్బాను అతని వైపు తిప్పి స్విచ్చేశాడు.

తువ్వాల కిందినుంచే అడిగాడు బామ్మర్ది: "బావా, చీకటి డబ్బ గిట్ల ఏమన్న దొరుకుతదా?"