వేలిముద్ర దొరికితే కేసు అయిపోయినట్టేనా?

'షాడోస్ ఆఫ్ డౌట్' అనే డిటెక్టివ్ కంప్యూటర్ గేమ్ ఆడినవాళ్ళది రెండు రకాల మాట. ఐదారు గంటలు ఆడి రివ్యూ రాసినవాళ్ళకు అది అద్భుతం. ముప్ఫై, నలభై గంటలు దాటినవాళ్ళు మాత్రం 'అన్ని కేసులూ ఒక్కటే' అని పెదవి విరుస్తున్నారు. ఇంకొన్ని రకాల హత్యలు కావాలి, ఇంకొన్ని ఆయుధాలు కావాలి, హంతకులకు ఇంకొన్ని పగలు కావాలి అన్నది వీళ్ళ డిమాండు. విసుగు నిజమే, కాదనలేం. అడుగుతున్న మందు మాత్రం తప్పు. ఆ ఆటలో హత్యల రకాలకు లోటు లేదు. అక్కడ సాక్ష్యం ఎప్పుడూ అబద్ధం చెప్పదు. రోగం అక్కడుంది.

తెలిసిన సంగతులు త్వరగా దాటేద్దాం. కోల్‌పవర్డ్ గేమ్స్ పేరుతో ప్రధానంగా ఒక్క డెవలపర్ మోసిన ఆట ఇది. 2023 ఏప్రిల్‌లో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే ఇంకా పూర్తికాకుండానే అమ్మకానికి వచ్చింది, 2024 సెప్టెంబర్‌లో పూర్తి వెర్షన్ అయింది. కాలం 1979, కానీ మనకు తెలిసిన 1979 కాదు, కంపెనీలు రాజ్యమేలే ఊహాలోకం. వాన, నియాన్ దీపాలు, ఇరుకు మెట్లు. కొత్త ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ కంప్యూటర్ ఒక ఊరిని కొత్తగా పుట్టిస్తుంది. అందులో ప్రతి మనిషికీ పేరు, ఇల్లు, ఉద్యోగం, రోజువారీ తిరుగుడు, చెప్పుల సైజు, రక్తం గ్రూపు, వేలిముద్ర ఉంటాయి. ఇంతమందినీ ఒకేసారి నడిపించే భారం గ్రాఫిక్స్ కార్డు కంటే ప్రాసెసర్ మీద ఎక్కువ పడుతుంది. కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ ఉన్న మన విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్ళు చిన్న సైజు ఊరిని ఎంచుకోవడమే మేలు. పెద్ద ఊరు ఎంచుకుని, నత్తనడక నడుస్తోందని డెవలపర్‌ను తిట్టి లాభం లేదు.

ఇప్పుడు ఒక కేసు ఎలా తేలుతుందో చూడండి. శవం దొరుకుతుంది. ఎన్‌ఫోర్సర్లు, అంటే ఆ ఊరి పోలీసులు వచ్చేలోగా దూరిపోవాలి, లేదంటే వెంటిలేషన్ గొట్టంలోంచి పాకి వెళ్ళాలి. శవాన్ని పరిశీలిస్తే ఫలానా గంటకూ ఫలానా గంటకూ మధ్య చనిపోయాడని వస్తుంది. స్కానర్ తీసి తలుపు పిడి, సొరుగులు, గ్లాసులు అన్నీ తడమాలి. ఎవరిదో తెలియని ముద్రకు ఆట ఏ, బి, సి అని అక్షరం తగిలిస్తుంది. చచ్చినవాడి ముద్ర, ఆ ఇంట్లోవాళ్ళ ముద్రలు తీసేస్తే మిగిలేవి రెండో మూడో. ఇక అడ్రస్ బుక్‌లో ఉన్న పేర్లు పట్టుకుని ఒక్కొక్కరి ముద్రా సంపాదించాలి. ఆఫీసులో ఉద్యోగుల ఫైళ్ళ బీరువా ఉంటుంది. సిటీ హాల్లో ప్రభుత్వ డేటాబేస్ ఉంటుంది. దాని పాస్‌కోడ్ ఏ చీటీ మీదో రాసి పెట్టేసి ఉంటుంది. పేరు కొడితే ఫోటో, ఎత్తు, అడ్రసు, వేలిముద్రతో సహా ఫైలు అచ్చయి చేతికొస్తుంది. ముద్ర కలిసిందా, దానికి తగిలించిన అక్షరం చెరిగిపోయి ఆ స్థానంలో మనిషి పేరు పడుతుంది. అయిపోయింది.

తుపాకీతో చంపితే ఇంకా తేలిక. ఆయుధాల దుకాణంలో అమ్మకాల చిట్టా తెరిస్తే కొన్నవాడి పేరు రాసి ఉంటుంది. అదీ చేతకాకపోతే చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. పట్టుబడని హంతకుడు మళ్ళీ చంపుతాడు. రెండు గదుల్లోనూ కనిపించిన ముద్ర ఏదో చూసుకుంటే చాలు. పాత ఆటగాళ్ళు కొత్తవాళ్ళకు ఇచ్చే సలహా కూడా అదే: 'తొందరపడకు, ఇంకో శవం పడనీ.' డిటెక్టివ్ ఆటలో ఇంతకంటే ఘోరమైన సలహా ఉంటుందా? కానీ ఆట రూల్స్ ప్రకారం అది తెలివైన సలహాయే. చివర్లో నింపే ఫారంలో హంతకుడి పేరు, అడ్రసు, ఆయుధం, నేరస్థలంలో వాడున్నాడనే రుజువు అడుగుతారు. ఎందుకు చంపాడన్నది ఎవరికీ అక్కర్లేదు.

అందుకే యాభై రకాల హత్యలు కొత్తగా చేర్చినా ఇదే విసుగు తిరిగొస్తుంది. విషం పెట్టి చంపినా, దూరం నుంచి కాల్చినా, గొంతు నులిమినా, చివరికి ప్రతి దారీ ఒకే గదికి చేరుతుంది. ఆ గది పేరు డేటాబేస్. అక్కడున్న కాగితాన్ని అనుమానించే అవకాశమే ఆటగాడికి ఇవ్వలేదు. ఆట పేరులోనే అనుమానం ఉంది, ఆటలో మాత్రం దానికి చోటు లేదు.

యాదృచ్ఛికంగా పుట్టే మిస్టరీలు కొత్తవేం కావు. 1983లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తెచ్చిన 'మర్డర్ ఆన్ ది జిండర్‌న్యూఫ్' ఒక ఎయిర్‌షిప్ మీద జరుగుతుంది. ప్రతిసారీ హంతకుడు మారతాడు, 36 నిమిషాల్లో పట్టుకోవాలి. అప్పటి కంప్యూటర్లకు మనిషి ఇల్లూ వాకిలీ పుట్టించే బలం లేదు. కాబట్టి మనుషులను ప్రశ్నించడం మీదే ఆట నడిచింది. ఎవరితో ఎలా మాట్లాడాలో పొరబడితే వాళ్ళు నోరు మూసుకునేవారు. నలభై ఏళ్ళ తర్వాత ఊరు ఊరంతా పుట్టించగలుగుతున్నాం, చెత్తబుట్టలో రసీదులతో సహా. కానీ ఆ ఊళ్ళో మనుషులు నోరు విప్పకపోవడమో, డబ్బులడగడమో తప్ప, నమ్మేలా అబద్ధం ఆడటం దాదాపు లేదు. మన ఊళ్ళో టీ కొట్టు దగ్గర నిలబడి ఒక మనిషి గురించి వాకబు చేసి చూడండి. ముందు 'నువ్వెవరబ్బాయివి, ఏ వీధి' అని ఎదురు ప్రశ్న వస్తుంది. తర్వాత సగం నిజం, సగం వాళ్ళ పాత తగాదా కలిపి వస్తుంది. వాటిని వేరుచేయడమే పరిశోధన.

వేలిముద్రకు ఇంత నమ్మకం ఎక్కడిదన్నది ఇక్కడ అసలు ప్రశ్న. దాన్ని గుర్తింపుకు వాడే పద్ధతి చాలావరకు మన దేశంలోనే రూపుదిద్దుకుంది. 1858లో బెంగాల్లో హెర్షెల్ దొర అనే బ్రిటిష్ అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ముద్రలను వర్గాలుగా విడగొట్టే పద్ధతికి అసలు కష్టపడింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబిన్‌స్పెక్టర్లు. పేరు మాత్రం వాళ్ళ పైఅధికారి హెన్రీకి పోయింది. మరుసటేడే కోర్టులో దానికి పరీక్ష ఎదురైంది. జల్పాయిగురిలో ఒక టీ తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అతడి సామాన్లలో ఉన్న బెంగాలీ పంచాంగం మీద నెత్తుటి మరక లాంటి బొటనవేలి ముద్ర దొరికింది. పూర్వం అక్కడే పనిచేసి, దొంగతనం కేసులో జైలుకెళ్ళొచ్చిన నౌకరు ముద్రతో అది కలిసింది. కోర్టు ఏం చేసిందో గమనించండి. దొంగతనానికి శిక్ష వేసింది, హత్యకు వేయలేదు. ముద్ర వల్ల వాడు ఆ పంచాంగాన్ని ముట్టుకున్నాడని తేలుతుంది, చంపాడని తేలదు. 1898లో జడ్జీలు పట్టించుకున్న ఈ తేడాను 2024లో వచ్చిన ఆట పట్టించుకోలేదు.

కలిసిందన్న మాటలో కూడా లొసుగుంది. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ళ కేసులో ఒక సంచి మీద దొరికిన ముద్ర అమెరికాలోని ఒక లాయరుదని ఎఫ్‌బీఐ తేల్చి అరెస్టు చేసింది. తర్వాత స్పెయిన్ పోలీసులు అది ఒక అల్జీరియా దేశస్థుడిదని నిరూపిస్తే ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పుకుంది. నేరస్థలంలో దొరికేది ఇంకు ప్యాడ్ మీద ఒత్తిన నిండు ముద్ర కాదు. జారిన ముద్ర, సగం ముద్ర, ఒకదాని మీద ఒకటి పడిన ముద్ర. కంప్యూటర్ వెతికి ఇచ్చేది కూడా ఒక్క పేరు కాదు, దగ్గరగా ఉన్నవాళ్ళ జాబితా. ఆ జాబితాలోంచి ఒకరిని ఎంచేది మనిషి కన్ను.

దీన్ని ఆటలో పెట్టడం కష్టమా? కాదు. ముద్రలకు మూడు తరగతులు పెట్టాలి: నిండు, సగం, మసక. నిండు ముద్ర ఇప్పటిలాగే ఒక్క పేరు చూపాలి. సగం ముద్రకు ముగ్గురు నలుగురు, మసక ముద్రకు పది మంది రావాలి. గాజు మీద, పెయింటు వేసిన లోహం మీద నిండుగా పడనివ్వాలి, గుడ్డ మీద, గరుకు చెక్క మీద పడనివ్వకూడదు. ఇక వయసు. హత్య రాత్రి పడిన ముద్ర, వారం కిందట భోజనానికి వచ్చిన మిత్రుడి ముద్ర స్కానర్‌కు ఒకేలా కనిపించాలి. అప్పుడు ఆ మిత్రుడు ఆ రాత్రి ఎక్కడున్నాడో తేల్చడానికి సీసీ కెమెరా కావాలి, ఎవరు ఎవరికి ఫోన్ చేశారో చూపే, భవనం కింది అంతస్తులోని ఫోన్ కాల్స్ రౌటర్ కావాలి, వి-మెయిల్ (ఆ లోకపు ఈమెయిల్) కావాలి, చెత్తబుట్టలో రసీదు కావాలి. ఇవన్నీ ఆటలో ఇప్పటికే ఉన్నాయి, చాలా బాగా చేశారు కూడా. వాటి అవసరమే రాకుండా వేలిముద్ర అడ్డుపడుతోంది.

ఆటగాళ్ళ వైపునుంచి దీనికి ఒక గట్టి జవాబుంది. చేత్తో రాసిన మిస్టరీలో ఆధారం తికమక పెడితే రచయిత కావాలనే పెట్టాడని నమ్ముతాం. కంప్యూటర్ పుట్టించిన కేసులో ముద్ర దొరక్కపోతే అది హంతకుడి తెలివో, ఆటలో బగ్గో తెలిసేదెలా? ఎర్లీ యాక్సెస్ రోజుల్లో ఆటగాళ్ళు ఇలా గంటలు పోగొట్టుకుని కసితో రాసిన రివ్యూలు ఉన్నాయి. ఇది న్యాయమైన భయం. దానికి విరుగుడు సాక్ష్యాన్ని దేవుడిని చేయడం కాదు, ముద్ర ఏ తరగతిదో తెరమీద ముందే చెప్పడం. 'మసక, పది మందితో పోలిక' అని రాసి ఉంటే అది బగ్గని ఎవరూ అనుకోరు. గుడ్డి ఊహలు కుదరకుండా చేయడానికీ ఉపాయం ఉంది. 2018లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' మూడు జవాబులు కలిసి ఒప్పయితేనే ఒప్పని చెబుతుంది, ఒక్కొక్కటిగా చెప్పదు. ఆ పద్ధతి ఇక్కడ పేరు, కారణం, సమయం మూడింటికీ కలిపి పెట్టొచ్చు.

ఇది వట్టి ఆట గొడవైతే ఇంత రాయనక్కర్లేదు. స్కానర్ చెప్పిందే మనిషి అన్న నమ్మకం తెర బయట కూడా మనల్ని ఏలుతోంది. పలాస, కాశీబుగ్గ జీడిపిక్కల బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళ చేతులు చూడండి. పిక్క కోసినప్పుడు తొక్కలోంచి కారే జీడి నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. చర్మాన్ని కాల్చేస్తాయి. బూడిదో, నూనో రాసుకుని కూర్చున్నా ఏళ్ళ తరబడి ఆ పని చేస్తే వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. నార మిల్లులో, ఇటుక బట్టీలో, ఉప్పు మడిలో చెయ్యి పెట్టినవాళ్ళదీ అంతే. అరవై దాటిన ముసలివాళ్ళకు చర్మం ఎండి ముద్ర సరిగా పడదు. వీళ్ళ చేత రేషన్ డీలర్ దగ్గర ఈ-పోస్ మిషను మీద వేలు పెట్టించి, పడకపోతే తుడిపించి, ఇంకో వేలు పెట్టించి, అదీ కాకపోతే రేపు రమ్మంటారు. ఐరిస్ ఉంది, ఓటీపీ ఉంది అంటారు. ఐరిస్‌కు కంటిలో పొర అడ్డు, ఓటీపీ వచ్చే ఫోను కొడుకుతో పాటు చెన్నై వలసలో ఉంటుంది.

2018లో ఆధార్ కేసు విచారణలో ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ స్వయంగా సుప్రీంకోర్టుకు చెప్పిన లెక్క ప్రకారం ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ నూటికి 88 సార్లే సఫలమైంది. అంటే దాదాపు ఎనిమిది సార్లకు ఒకసారి మిషను 'నువ్వు నువ్వు కాదు' అంది. ధ్రువీకరణ కాలేదన్న కారణంతో హక్కు ఆపొద్దని అదే కోర్టు ఆ ఏడాది సెప్టెంబర్ తీర్పులో చెప్పింది. చెప్పినా, కౌంటర్ దగ్గర చివరి మాట మిషనుదే. ఇంకోవైపు 2022లో వచ్చిన నేరవిచారణ గుర్తింపు చట్టం అరెస్టయినవాళ్ళ వేలిముద్రలు, కంటిపాప స్కాన్లు తీసుకుని 75 ఏళ్ళు దాచుకోవచ్చంది. ఆ ఊహాలోకంలోని సిటీ హాల్ డేటాబేస్‌కూ దీనికీ దూరమెంత?

ఈ ఆట అనుసరించే నాయిర్ (చీకటి నేరకథల) శైలి అంటే రాత్రి, వాన, సిగరెట్టు పొగ అనుకునే డెవలపర్లకు ఇది ఎక్కదు. అధికారం చేతిలో ఉన్న కాగితానికీ, ఎదురుగా నిలబడ్డ మనిషికీ పొంతన కుదరకపోవడం మీదే ఆ కథలన్నీ నిలబడ్డాయి. అది పుట్టించడానికి ఇంకో యాభై హత్యలు అక్కర్లేదు. ఊరు పుట్టేటప్పుడే ఎనిమిది మందిలో ఒకరికి గీతలు అరిగిన వేళ్ళు ఇవ్వమనండి. వాళ్ళలో అమాయకులూ ఉండాలి, హంతకుడూ ఉండొచ్చు. పాస్‌కోడ్ కొట్టి, డేటాబేస్ గదిలో దూరి, ఫైలు అచ్చు తీసిన ఆటగాడికి ముద్ర ఉండాల్సిన చోట ఖాళీ గడి కనిపించాలి. అప్పుడు వాడు అడ్రసు చూసుకుని, ఆ ఇంటికెళ్ళి తలుపు కొట్టి, ఎదుటి మనిషితో మాట్లాడక తప్పదు.